హెల్గాని కట్టిన శనివారం

సెప్టెంబరు రెండో శనివారం పొద్దున్న వెర్లిన్ టోర్గర్సన్ వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతూ ఆ రోజు పనులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఏడింటికి హెల్గాని ట్రెయిలర్ ఎక్కించడం. ఎనిమిదిన్నరకి బయలుదేరడం. తొమ్మిదిన్నరకి టోర్విక్ చేరడం. పదింటికి సిగ్రిడ్ గ్యారేజీ ప్రారంభం. పదకొండింటికి తిరుగు ప్రయాణం. ఆ తర్వాత ఏం రాయాలో తోచక కలం మూత పెట్టేశాడు.

హెల్గా అంటే మనిషి కాదు. చక్రాల మీద దొర్లే పనిముట్ల పెట్టె. ఆరడుగుల పొడవు, నడుం దాటిన ఎత్తు, పదకొండు సొరుగులు, నిప్పులాంటి ఎర్ర రంగు. నార్‌డాల్ ఊరి గ్యారేజీలో పనికి చేరిన ఏడాది, వెల్డింగ్ తెలిసిన స్నేహితుడి చేత చేయించుకున్నాడు వెర్లిన్. ముప్ఫై ఒక్క ఏళ్లు దాని పక్కనే నిలబడి మా కౌంటీలోని ట్రాక్టర్లూ ట్రక్కులూ బాగుచేశాడు. వేసవిలో యజమాని గ్యారేజీ మూసేసి, తాళాలు వెర్లిన్ చేతికిచ్చి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. వెర్లిన్‌కి అరవై ఆరు నిండాయి. ఆఖరి రోజున, ఆరేళ్లుగా తన దగ్గర పని నేర్చుకున్న సిగ్రిడ్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఉంటే, "హెల్గాని నువ్వు తీసుకో" అని ఒక్క ముక్క అనేసి బయటికి నడిచాడు. మిన్నెసోటాలో అంతకు మించిన వీడ్కోలు ఉపన్యాసం ఎవరూ ఇవ్వరు.

ఆ సిగ్రిడ్ ఇప్పుడు నలభై మైళ్ల దూరంలో టోర్విక్‌లో సొంత గ్యారేజీ తెరుస్తోంది. ఆడమనిషి ఇంజను విప్పుతుందంటే టోర్విక్ జనానికి ఇంకా మనసొప్పడం లేదని వెర్లిన్ చెవిన పడింది. హెల్గా వెళ్లి ఆ గ్యారేజీ గోడ పక్కన నిలబడితే ఆ అమ్మాయికి కాస్త గౌరవం దక్కుతుందని అతని ఆశ. అందుకే దాన్ని ఒక్క గీత కూడా పడకుండా చేర్చాలి.

సాయానికి భార్య తమ్ముడు డెల్మార్ వచ్చాడు. డెల్మార్‌కి అన్ని పనులూ తెలుసు, ఏ పనీ పూర్తిగా తెలియదు. వస్తూనే ట్రెయిలర్ చక్రాన్ని బూటుతో ఒకసారి తన్ని చూశాడు.

"రెండు పట్టీలు చాలు, వెర్లిన్. చంద్రుడి మీదికి పంపినవాణ్ణి కూడా ఇంతకంటే ఎక్కువ కట్టి ఉండరు."

"సొరుగులు ఖాళీ చెయ్యాలేమో" అన్నాడు వెర్లిన్, తనలో తనే అన్నట్టు.

"ఖాళీ చేస్తే మళ్లీ సర్దాలి. నీకేమో ఏ పానా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగల లెక్క. ఆ లెక్క ఎందుకు చెడగొట్టుకోవడం?"

ఆ మాట వెర్లిన్ బలహీనత మీద సరిగ్గా తగిలింది. సొరుగులు ముట్టుకోలేదు. వాటి తాళంచెవి పదిహేడేళ్ల కిందట ఎవరి ట్రక్కు ఇంజనులోనో పడిపోయింది. దాంతో పెట్టెని నిలువుగానే పైకి దొర్లించి, రెండు పట్టీలు బిగించి, రోడ్డెక్కే ముందు గ్యారేజీ ముందున్న ఖాళీ స్థలంలో ఒక్క చుట్టు తిప్పి చూద్దామనుకున్నారు. అంతవరకు మంచి ఆలోచనే.

మొదటి మలుపులో హెల్గా అరడుగు కదిలింది. చక్రాలకి ఉన్న బ్రేకులు ఆ బరువుని పట్టలేకపోయాయి. రెండో మలుపులో పై సొరుగు తెరుచుకుంది. సొరుగు బయటికి రాగానే బరువు ముందుకొచ్చింది, బరువు ముందుకు రాగానే కింది సొరుగు, దాని కిందది, వరసగా నాలుగు తెరుచుకున్నాయి. బోల్టులు విప్పే నాలుగొందల ఇనప సాకెట్లు వడగళ్లలా కాంక్రీటు మీద రాలి, తలో దిక్కుకీ దొర్లుకుంటూ పోయాయి. పట్టీలు తెగలేదు కాబట్టి హెల్గా మాత్రం పడిపోలేదు. తాగినవాడు స్తంభాన్ని పట్టుకున్నట్టు ఒరిగి ఆగింది.

ఇద్దరూ గంటసేపు చేతులూ మోకాళ్లూ నేలకానించి పాకారు. కార్లోంచి దిగిన ఆర్లిస్‌కి కనిపించిన మొదటి దృశ్యం అదే. ఆర్లిస్ వెర్లిన్ భార్య. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఉంది. సెప్టెంబరు వచ్చిందంటే పొలం గట్ల మీద కలుపు మొక్కల పుప్పొడి లేస్తుంది, ఆమె కళ్లూ ముక్కూ నెల్లాళ్లు ఏకధారగా కారతాయి.

"ప్రార్థన చేస్తున్నారా మీరిద్దరూ?" అంది తుమ్ముకీ తుమ్ముకీ మధ్య.

"సాకెట్లు ఏరుతున్నాం" అన్నాడు డెల్మార్. "ఇతను ఖాళీ చెయ్యద్దన్నాడు."

వెర్లిన్ తల ఎత్తి బావమరిదిని చాలాసేపు చూశాడు. లేచి, ప్లాస్టిక్ బకెట్లు పదకొండు తెచ్చాడు. ఈసారి తనకు తెలిసిన పద్ధతిలో చేశాడు. ప్రతి సొరుగూ ఖాళీ చేసి, ప్రతి పనిముట్టునీ నూనె గుడ్డతో తుడిచి, సొరుగుకో బకెట్ చొప్పున నింపి, మూతల మీద చీటీలు అంటించి, ట్రక్కు వెనక పేర్చాడు. ఖాళీ అయిన హెల్గాని ఇంజన్లు ఎత్తే గొలుసుతో లేపి, సొరుగులు ఆకాశం వైపు ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టాడు. అలా ఉంటే సొరుగులు వాటంతట అవి తెరుచుకోవు, గాలికి పెట్టె తూలదు. కింద రెండు దుంగలు, ముందు వైపు ట్రెయిలర్ గోడకి ఆనించి ఒక పాత టైరు. బరువు ఇరుసు కంటే కాస్త ముందుకి వచ్చేలా చూశాడు. రంగు గీసుకుపోకుండా ఆర్లిస్ ఇచ్చిన ముదురు నీలం బొంత నిండుగా కప్పాడు. నాలుగు మూలల నుంచి నల్ల పట్టీలు బొంత కిందుగా వేశాడు. ఆ పైన, గ్యారేజీలో మిగిలిన రెండు తెల్ల పట్టీలు కూడా వేశాడు. ఒకటి తల నుంచి కాళ్ల దాకా పొడుగ్గా, ఇంకొకటి తల వైపుకి కాస్త జరిపి అడ్డంగా. బరువంతా అటే ఉంది మరి.

"ఇప్పుడు చూడు" అన్నాడు పెట్టెని రెండు చేతులతో ఊపుతూ. పెట్టె కదలలేదు, ట్రెయిలరూ ట్రక్కూ కలిసి ఊగాయి. అలాగే ఉండాలి.

గ్యారేజీ గుమ్మానికి అటూ ఇటూ పెట్టమని సిగ్రిడ్ కోసం ఆర్లిస్ రెండు తెల్ల చామంతి కుండీలు తెచ్చింది. బకెట్లతో ట్రక్కు నిండిపోయింది కాబట్టి డెల్మార్ వాటిని హెల్గాకి చెరో పక్కన ఇరికించి, తాడుతో కట్టాడు. అప్పటికి తొమ్మిదిన్నరయింది.

ముందు ట్రక్కులో వెర్లిన్, డెల్మార్. ట్రెయిలర్ మీద కన్నేసి ఉంచడానికి వెనక కార్లో ఆర్లిస్. గంటకి ముప్ఫై మైళ్లు దాటకూడదని వెర్లిన్ నిర్ణయం. దారిలో అందరికీ స్పష్టంగా కనిపించాలని రెండు బళ్లకీ హెడ్‌లైట్లు వేయించాడు, నాలుగు ఇండికేటర్లూ మినుకుమినుకుమనేలా పెట్టించాడు. భద్రత విషయంలో వెర్లిన్‌ని వేలెత్తి చూపడానికి లేదు.

రోడ్డు మీద మూడో మైలు దగ్గర ఒక స్టేషన్ వ్యాగన్ కారు వాళ్ల వెనక చేరింది. దాన్ని నడుపుతున్నది టోర్విక్ చర్చిలో వంటల బృందం పెద్ద, బర్నీస్ హోవ్‌లాండ్. ముందు కార్లో రుమాలుతో కళ్లొత్తుకుంటున్న ఆడమనిషి. ఆ ముందు, నీలం గుడ్డ కప్పిన పొడుగాటి పెట్టె, దాని మీద తెల్లటి శిలువ, పక్కన తెల్లటి పూలు. దాటి వెళ్లడానికి వేసిన ఇండికేటర్‌ని బర్నీస్ చటుక్కున ఆర్పేసింది. రేడియో ఆపింది. హెడ్‌లైట్లు వేసింది.

ఆ తర్వాత వచ్చిన వాళ్లందరూ అదే చేశారు. మా వైపు శవయాత్రకి పట్టపగలే లైట్లు వేస్తారు, దాన్ని ఎవరూ దాటి వెళ్లరు. ఎవరు పోయారని అడగనూ అడగరు. పోయింది ఎవరో తెలియకపోవడం తమ తప్పే అన్నట్టు సిగ్గుపడతారు. అంచేత తెలుసుకోవాలన్న ఆత్రం ఎంత ఉన్నా మొహాలు గంభీరంగా పెట్టుకుని వెంట నడుస్తారు. ఆరో మైలుకి తొమ్మిది బళ్లయ్యాయి. ఎదురుగా వచ్చే కార్లు రోడ్డు పక్కకి జరిగి ఆగసాగాయి. మొక్కజొన్న కోస్తున్న ఒక రైతు కోత యంత్రాన్ని ఆపి, గట్టు మీద నిలబడి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

వెర్లిన్ అద్దంలోంచి ఇదంతా చూస్తున్నాడు.

"డెల్మార్, జనం ఎంత మర్యాదగా ఉన్నారో చూశావా?"

"చూస్తున్నా. ఒక్కడూ హారన్ కొట్టలేదు. పైగా అతను టోపీ తీశాడు."

"బరువు కట్టడం తెలిసినవాడికి బరువు కట్టిన పద్ధతి తెలుస్తుంది" అన్నాడు వెర్లిన్. చెవులు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో అతని పనిని ఎవరూ అంతలా మెచ్చుకోలేదు. రైతుకి తలాడించి, ఇంకో మూడు మైళ్ల వేగం తగ్గించాడు, అందరూ సరిగ్గా చూడాలని.

పదో మైలు దగ్గర రోడ్డు పక్కన ఆపాడు. ఎంత బిగించినా కొంత దూరం పోయాక పట్టీలు సడలుతాయి, దిగి మళ్లీ చూసుకోవాలి. అతను ఆగగానే వెనకున్న పద్నాలుగు బళ్లూ ఆగాయి. అందరూ దిగారు. వెర్లిన్ ట్రెయిలర్ ఎక్కి, పెట్టె పక్కన మోకాళ్ల మీద కూచుని, ఒక్కో పట్టీనీ వేలితో మీటి చూశాడు. ఒకటి కాస్త వదులైతే దాని బిగింపు చక్రాన్ని ఇంకో పన్ను తిప్పాడు. ఆఖర్న పెట్టె మీద చెయ్యేసి రెండుసార్లు తట్టి, "ఇంకొంచెం దూరమే, హెల్గా" అన్నాడు.

రోడ్డు మీద టోపీలన్నీ ఒక్కసారిగా దిగాయి.

బర్నీస్ ఆగలేకపోయింది. వెళ్లి ఆర్లిస్ కారు కిటికీ పక్కన నిలబడి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"చాలా కష్టంగా ఉంది కదమ్మా?"

"ఊపిరి ఆడట్లేదండీ" అంది ఆర్లిస్ ముక్కు చీదుతూ. "ఏటా ఇదే వరస. ఈసారి మరీ ఎక్కువ."

ఏటా ఎవరో ఒకరు పోయే కుటుంబం కాబోలనుకుని బర్నీస్ కళ్లు కూడా చెమర్చాయి. "మరి... అక్కడ టోర్విక్‌లో అన్నీ ఏర్పాటయ్యాయా?"

"ఏం ఏర్పాట్లులెండి. కాఫీ మాత్రం పెట్టి ఉంచుతానంది ఆ అమ్మాయి. చర్చి ఎదురుగానే కదా."

ఉత్త కాఫీ! టోర్విక్ చర్చి ఎదురుగా, బర్నీస్ బతికుండగా, ఒక మనిషిని ఉత్త కాఫీతో సాగనంపడమా! బర్నీస్ ఇంకో మాట మాట్లాడకుండా తన బండెక్కి, మట్టిరోడ్డు అడ్డదారి పట్టుకుని, చర్చి వంటింటికి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

ఇంతలో షెరీఫ్ ఆఫీసు నుంచి గస్తీ తిరిగే డెప్యూటీ ఓర్విల్ అటుగా వచ్చాడు. ముప్ఫై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. ఇంత పెద్ద ఊరేగింపుకి ముందు పోలీసు కారు లేకపోవడం చూసి నొచ్చుకున్నాడు. టోపీ తీసి వెర్లిన్ దగ్గరికి వచ్చాడు.

"ముందే కబురు చేసి ఉంటే మేమే వచ్చేవాళ్లం కదండీ."

"దీనికి మిమ్మల్ని శ్రమ పెట్టడం ఎందుకని" అన్నాడు వెర్లిన్, లోపల పొంగిపోతూ.

"చాలాకాలం కలిసున్నారా?"

"ముప్ఫై ఒక్క ఏళ్లు. ఒక్కరోజు మొరాయించి ఎరగదు. ఈమధ్యే చక్రాలు కాస్త ఇబ్బంది పెడుతున్నాయి."

ఓర్విల్ కళ్లముందు చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ మెదిలింది. "సాయం ఏమన్నా కావాలా? బరువుంటుందేమో."

"లేదండీ, లోపలేం లేదు. పొద్దున్నే అన్నీ తీసేశాను."

"అన్నీ... అంటే?"

"లోపలున్నవన్నీ. ఇతను కూడా సాయం పట్టాడు. ఒక్కోటీ నూనె గుడ్డతో శుభ్రంగా తుడిచి బకెట్లలో పెట్టాం. అవిగో, ట్రక్కులో. పదకొండు బకెట్లు."

ఓర్విల్ ట్రక్కు వైపు చూశాడు. మూతలు పెట్టిన బకెట్లు వరసగా ఉన్నాయి. తర్వాత డెల్మార్ వైపు చూశాడు. డెల్మార్ యాపిల్ కొరుకుతూ తలాడించాడు.

"సగం నేలంతా దొర్లిపోయాయి" అన్నాడు డెల్మార్. "గంటసేపు ఏరాం."

"కలిసిపోతాయని భయం లేదు లెండి, చీటీలు అంటించాను" అన్నాడు వెర్లిన్. "అక్కడికెళ్లాక సిగ్రిడ్ మళ్లీ ఎక్కడివక్కడ సర్దేస్తుంది. ఆరేళ్లు నేర్పాను."

ఓర్విల్ టోపీ పెట్టుకున్నాడు. ఏదో అడగబోయి నోరు మూసుకున్నాడు. అతని పెంపకం అలాంటిది. నెమ్మదిగా నడిచి కార్లో కూచుని, అద్దాలు పైకెత్తి, రేడియో అందుకున్నాడు.

"షెరీఫ్ గారూ, ఒక సందేహం. సొంతవాళ్లు శవాన్ని ట్రెయిలర్ మీద తీసుకెళ్లొచ్చా?"

"కాగితాలుంటే తీసుకెళ్లొచ్చు."

"లోపలివి విడిగా బకెట్లలో పెట్టి తీసుకెళ్లొచ్చా?"

రేడియో గరగరలాడింది. ఆ తర్వాత షెరీఫ్ గొంతు. "మళ్లీ చెప్పు."

ఓర్విల్ మళ్లీ చెప్పాడు. మా కౌంటీలో పోలీసు రేడియో వినిపించే చిన్న పెట్టె లేని వంటిల్లు లేదు. వర్షం కబురూ, అగ్నిప్రమాదాల కబురూ తెలుస్తాయని కొంటారు. ఓర్విల్ రెండోసారి 'బకెట్లు' అనే సరికి కౌంటీలో సగం మంది చేస్తున్న పని ఆపి కారు తాళాలు వెతుక్కుంటున్నారు.

"వాళ్లతో ఏమీ అనకు" అన్నాడు షెరీఫ్. "నేను కౌంటీ ఈ చివర ఉన్నా, రావడానికి గంటపైన పడుతుంది. నువ్వు ముందుండి తీసుకెళ్లు. చేరాక, అందరి ఎదుటా పెట్టె తెరిపించు."

ఎర్ర దీపాలు తిప్పుకుంటూ పోలీసు కారు ముందు నడిచింది. ప్రతి కూడలిలో ఓర్విల్ దిగి, అడ్డంగా వచ్చే బళ్లని ఆపాడు. వెర్లిన్ ప్రతిసారీ కిటికీలోంచి చెయ్యెత్తి, ధన్యవాదాలు తెలిపాడు. ప్రతి మట్టిరోడ్డు మలుపు నుంచీ కొత్తగా ఒకటో రెండో బళ్లు వచ్చి వెనక చేరాయి. ఇరవయ్యో మైలుకి డెల్మార్ లెక్కపెట్టడం మానేశాడు.

టోర్విక్‌లో సిగ్రిడ్ పది గంటల నుంచీ గ్యారేజీ గుమ్మంలో నిలబడి ఉంది. ఉతికిన నీలం పనిబట్టలు, వెనక బల్ల మీద అరవై మందికి సరిపడా కాఫీ, తనే చేసిన కేకు. పదకొండున్నర దాటినా ఒక్కరు రాలేదు. ఎదురుగా చర్చి పక్కనున్న గింజల దుకాణం ముందు ఇద్దరు ముసలాళ్లు కూచుని, తలుపు పైన రాసిన ఆమె పేరుని గంట నుంచీ చదువుతున్నారు. కేకు ముక్కలు కోద్దామా, ఇంటికి తీసుకెళ్దామా అని ఆలోచిస్తుండగా చర్చి గంట మోగడం మొదలుపెట్టింది. తల ఎత్తితే, వీధి చివర పోలీసు కారు, దాని వెనక వెర్లిన్ ట్రక్కు, దాని వెనక కంటికి ఆనినంత దూరం హెడ్‌లైట్లు.

సిగ్రిడ్ ఏడ్చేసింది. ఇంతమంది వస్తారని కలలో కూడా అనుకోలేదు.

ఆమె కన్నీళ్లు చూసి, చర్చి మెట్ల మీద నల్ల అంగీలో సిద్ధంగా ఉన్న పాస్టర్ లిండ్ గబగబా రోడ్డు దాటాడు. పాస్టర్ పరిస్థితి ఏమీ బాగాలేదు. బర్నీస్ వచ్చి హెల్గా పోయిందని చెప్పినప్పటి నుంచీ చర్చి రిజిస్టరు మూడుసార్లు తిరగేశాడు. హెల్గా ఎవరో అంతు చిక్కలేదు. పాస్టరై ఉండి, ఎవరని ఎలా అడుగుతాడు?

సిగ్రిడ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇవాళ నీకు చాలా పెద్ద రోజు."

"అవును పాస్టర్. మీరు కూడా వస్తారనుకోలేదు."

"హెల్గా గురించి... నీకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండేదేంటమ్మా?"

"గుర్తుండటమేంటి, ఇక నాతోనే ఉంటుందిగా!" అంది సిగ్రిడ్ కళ్లు తుడుచుకుంటూ. "అదిగో, ఆ గోడ పక్కన పెడతాను. రోజూ కావాలి నాకు."

పాస్టర్ ఆ గోడ వైపు చూశాడు. ఆమె చేతులు నెమ్మదిగా వదిలేశాడు.

బళ్లు దొరికిన చోటల్లా ఆగాయి. కంగారులో ఎవరూ లైట్లు ఆర్పలేదు. నూటపాతిక మంది ట్రెయిలర్ చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. పక్కనే బర్నీస్ బృందం, చేతుల్లో పళ్లేలతో. ఓర్విల్ గొంతు సవరించుకున్నాడు.

"టోర్గర్సన్ గారూ, తప్పుగా అనుకోకండి. ఆ పెట్టె తెరవాలి."

"తెరవాల్సిందే. అందుకేగా తెచ్చింది" అన్నాడు వెర్లిన్. "కానీ ముందు పట్టీలు విప్పాలి. దీనికో పద్ధతుంది."

జనం అంత శ్రద్ధగా చూస్తుంటే అతనికి ఉత్సాహం వచ్చింది. అడ్డం పట్టీ ముందు ఎందుకు విప్పాలో చెప్పాడు. బిగింపు వదిలేటప్పుడు మొహం ఎందుకు దూరంగా పెట్టుకోవాలో చెప్పాడు. దుంగల గురించీ టైరు గురించీ చెప్పాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ నూటపాతిక మందిలో ఒక్కరు దగ్గలేదు. నాలుగో పట్టీ దగ్గర గింజల దుకాణం ముసలాళ్లలో ఒకాయన కూలబడితే కుర్చీ తెచ్చి వేశారు.

వెర్లిన్ బొంత లాగాడు.

ఎర్ర రంగు ఎండలో భగ్గుమంది. పదకొండు సొరుగులు, పదకొండు ఇనప పిడులు. ఓర్విల్ ట్రక్కు దగ్గరికి వెళ్లి, కళ్లు సగం మూసుకుని మొదటి బకెట్ మూత తీశాడు. లోపల శ్రావణాలు. రెండో దాంట్లో సుత్తులు. మూడో దాని మూత తియ్యకుండా దాని మీదే కూచున్నాడు.

"ఇది పనిముట్ల పెట్టె" అంది బర్నీస్.

"హెల్గా" అన్నాడు వెర్లిన్. "మీరేమనుకున్నారు?"

వెర్లిన్ మొదట పాస్టర్ నల్ల అంగీ చూశాడు. తర్వాత జనం చేతుల్లోని టోపీలు చూశాడు. తెల్ల పట్టీలు చూశాడు, చామంతులు చూశాడు, భార్య రుమాలు చూశాడు. దారి పొడుగునా అందుకున్న గౌరవాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వెళ్లిపోవడం అతని మొహంలో కనిపించింది. ఆర్లిస్ దగ్గరికి రాబోయి ఆగింది. అలాంటప్పుడు దగ్గరికి వస్తే ఇంకా చిన్నబుచ్చుకుంటాడని ఆమెకి తెలుసు.

"అయితే నేను కట్టిన పద్ధతి చూసి కాదన్నమాట" అన్నాడు నెమ్మదిగా.

పొలం గట్టు మీద టోపీ తీసిన రైతు జనంలోంచి ముందుకొచ్చాడు. కోత యంత్రం వదిలేసి, ఆయన కూడా వచ్చాడు.

"నేను మాత్రం కట్టిన పద్ధతి కూడా చూశానండీ. మా నాన్న శవపేటికని తీసుకెళ్లినవాళ్లు దాన్లో సగం శ్రద్ధ పెట్టలేదు. రోడ్డంతా దడదడలాడించారు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆర్లిస్ తుమ్మింది. దాంతో కట్ట తెగినట్టు నూటపాతిక మందీ నవ్వారు. కుర్చీలో ముసలాయన కూడా లేచి నవ్వాడు. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది పాస్టర్, తెలియని మనిషి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడే గండం తప్పినందుకు.

నవ్వనిది బర్నీస్ ఒక్కతే. "నూట అరవై హామ్ సాండ్‌విచ్‌లు" అంది. "నాలుగు ట్రేల బంగాళాదుంపల కూర. మూడు రంగుల జెల్లీ. చేసినవాటిని చర్చి వంటింట్లోకి తిరిగి తీసుకెళ్లడం నా హయాంలో జరగలేదు, ఇప్పుడూ జరగదు. తలుపులు పూర్తిగా తెరవమ్మా సిగ్రిడ్."

పన్నెండు మంది మగవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, చెరో వైపు ఆరుగురుగా నిలబడి హెల్గాని భుజాలకెత్తి లోపలికి మోసుకెళ్లారు. శవానికైతే ఎంత నెమ్మదిగా నడిచేవారో అంత నెమ్మదిగానూ నడిచారు. సిగ్రిడ్ చూపించిన గోడ పక్కన నిలబెట్టారు. ఆమె వంగి, నాలుగు చక్రాల బ్రేకులూ తనే వేసింది. గ్యారేజీ నిండా జనం సాండ్‌విచ్‌లు తింటూ, బళ్లని పైకెత్తే కొత్త లిఫ్టునీ, గోడకి వేలాడదీసిన ఇంజను బెల్టులనీ, నేల మీద గీసిన పసుపు గీతలనీ చూశారు. చూడాలన్న కోరిక వాళ్లకి నెల నుంచీ ఉంది. రావడానికి ఇన్నాళ్లూ ఒక సాకు దొరకలేదంతే.

షెరీఫ్ వచ్చేసరికి కేకు ఆఖరి ముక్క మిగిలింది. ఆయన దాన్ని తిని, ఓర్విల్‌తో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఓర్విల్‌కి అది తిట్టినదానికంటే ఎక్కువగా తగిలింది.

రెండు గంటలకి ఇళ్లకి బయలుదేరబోతే పదహారు బళ్లు కదల్లేదు. పట్టపగలు రెండున్నర గంటలు లైట్లు వేసి వదిలేసిన పాత బ్యాటరీలు అన్నీ చచ్చి ఊరుకున్నాయి. అందులో ఓర్విల్ పోలీసు కారు కూడా ఒకటి. సిగ్రిడ్ చొక్కా చేతులు పైకి మడిచింది. ఒక్కో బండీ బానెట్ ఎత్తి, బ్యాటరీకి ప్రాణం పోస్తూ, పనిలో పనిగా పక్కనున్నవీ చూసింది. "ఈ బెల్టు వారం కంటే రాదండీ." "మీ రేడియేటర్ కారుతోంది, సోమవారం తీసుకురండి." గింజల దుకాణం ముసలాయన తన ట్రక్కు బాగానే ఉన్నా, దాన్ని తోయించుకుని వచ్చి వరసలో పెట్టాడు.

వెర్లిన్ కాసేపు గుమ్మంలో చామంతి కుండీలు సర్దుతూ నిలబడ్డాడు. బకెట్లలోని పనిముట్లన్నీ అప్పటికే సొరుగుల్లోకి చేరిపోయాయి. చీటీ చూడకుండానే సర్దేసింది ఆ అమ్మాయి. గుమ్మం బయట సిగ్రిడ్ చూస్తున్న పోలీసు కారు బ్యాటరీ తీగ తుప్పు పట్టి ఊడి రావడం లేదని అక్కణ్ణుంచే అతనికి అర్థమైంది. కాళ్లు వాటంతట అవే హెల్గా దగ్గరికి నడిచాయి. చెయ్యి దానంతట అదే మూడో సొరుగు పిడి మీద పడింది.

"వెర్లిన్!" బానెట్ కిందనుంచి తల ఎత్తకుండానే పిలిచింది సిగ్రిడ్. "ఏం కావాలి?"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో హెల్గా మీద చెయ్యేసిన ఎంతమందిని తను ఆ ప్రశ్న అడిగాడో గాని, తనని ఎవరూ అడగలేదు.

"అర అంగుళం పానా" అన్నాడు.

సిగ్రిడ్ లోపలికి వచ్చి, చేతులు తుడుచుకుని, అతన్ని ఒకసారి పరీక్షగా చూసి, సొరుగు తెరిచి పానా తీసి ఇచ్చింది, పని అయ్యాక తుడిచి పెట్టమని చెప్పి.